ఏ భాషలో రాదు?

ఆవిడ పోయారన్న కబురు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక ఫోన్ తీస్తే వరసగా నమస్కారం పెడుతున్న చేతుల బొమ్మలు, వాటి పైన ఓ ఫోటో. ఫోటోలో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. నాకు తెలిసినన్నాళ్ళలో ఆవిడ అలా కూర్చుని ఉండగా నేను చూడలేదు. ఎవరో బలవంతాన కూర్చోబెట్టి తీసినట్టున్నారు. కుర్చీ అంచు మీదే ఉన్నారు, భుజాన ఉన్న సంచీ కూడా తియ్యకుండా, ఫోటో అవగానే లేచిపోయేట్టు.

ఆ పూటంతా నాకూ ఒకచోట నిలవబుద్ధి కాలేదు. పిల్లలకి లెక్కలిచ్చి వరండాలోకి వెళ్ళడం, మళ్ళీ లోపలికి రావడం. గ్రూపులో ఏదైనా రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. అందరూ "తీరని లోటు" అని రాస్తున్నారు. ఆవిడ చూస్తే చిరాకుపడేవారు. ఏం లోటో చెప్పండి, ఎవరికి లోటో చెప్పండి అని నిలదీసేవారు.

ఆవిడ పని మాలాంటి టీచర్లకి శిక్షణ ఇవ్వడం. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఇంకో భాష ఉన్న పిల్లలకి తెలుగెలా చెప్పాలో నేర్పించేవారు. మన కృష్ణా జిల్లాలో అలాంటి పిల్లలెవరున్నారండీ అని ఎవరైనా అంటే చాలు, మొదలుపెట్టేవారు. ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే బీహారు వాళ్ళ పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళ పిల్లలు, ఎరుకల మాట మాట్లాడేవాళ్ళ పిల్లలు. చెబుతూ చెబుతూ హాలంతా తిరిగేవారు. మూసి ఉన్న కిటికీ కనిపిస్తే తెరిచేవారు, తెరిచి ఉంటే రెక్క సరిచేసేవారు. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయేవారు. సాయంత్రానికి ఆవిడ వదిలేసిన గ్లాసులు కిటికీ గూళ్ళల్లో, మెట్ల మీద, సైకిల్ స్టాండు దగ్గర దొరికేవి. పెరుగన్నం డబ్బా కూడా నడుస్తూనే ఖాళీ చేసేవారు.

భవానీపురంలో ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి డెల్టాలో ఎక్కడో ఓ బళ్ళో తేలేవారు. సీటున్నా నిలబడేవారు. పక్కన ఎవరున్నా సరే, ఆటో అబ్బాయైనా, బజ్జీలు వేసే ఆమైనా, "మీ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారండీ?" అని అడగడం అలవాటు. చాలామంది ఇదేం ప్రశ్న అన్నట్టు చూసేవారు. కొందరు మాత్రం ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి చెప్పేవారు. అలా గొంతు తగ్గించినవాళ్ళని ఆవిడ వదిలేవారు కాదు.

ఇంకొకటుంది. "ఈ పిల్లకి ఏమీ రాదండి" అని టీచర్లం ఎవరం అన్నా ఆవిడ వెంటనే, "ఏ భాషలో రాదు?" అనేవారు. మొదట్లో వెటకారం అనుకున్నాను. కాదు. నిజంగానే అడిగేవారు, జవాబు వచ్చేదాకా ఎదురుగా నిలబడేవారు.

నేను ఆవిణ్ణి మొదటిసారి చూసింది విజయవాడలో, ఓ హైస్కూలు హాల్లో. శిక్షణ దసరా సెలవల్లో పెట్టారని అందరం గుర్రుగా ఉన్నాం. సంతకాలు పెట్టి, టీ తాగి, వెనక బెంచీల్లో సర్దుకున్నాం. ఆవిడ లోపలికొచ్చి, నమస్కారమైనా పెట్టకుండా పాఠం మొదలుపెట్టారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందు మైకు బాగాలేదనుకున్నాం. కాసేపటికి ఎవరో అది ఒడియా అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో శ్రీకాకుళం సరిహద్దు ఊళ్ళల్లో పనిచేసి నేర్చుకున్నారట.

మేం నవ్వుతూ విన్నాం. ఆవిడ నవ్వలేదు. ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వచ్చి అదే ప్రశ్న, మొదట మెల్లిగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత విసుగ్గా. జవాబు చెప్పనివాళ్ళని నిలబెట్టేశారు. నా పక్కన గుడివాడ వైపు నుంచి వచ్చిన ఓ మాస్టారున్నారు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. నిలబడి నిలబడి మొహం కందిపోయి, "ఏంటండీ ఈ అవమానం?" అన్నారు. ఆవిడ తెలుగు రానట్టే చూసి, బోర్డు మీద ఆయన పేరు రాసి పక్కన సున్నా చుట్టారు. ఆయన సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

అప్పుడు ఆవిడ తెలుగులోకి వచ్చారు. మీకు ఇది ఒక్క పూటే, మీ దగ్గర చదివే కొందరు పిల్లలకి ఏడాది పొడుగునా ఇదే అన్నారు. హాలంతా నిశ్శబ్దం. ఇంకొకరైతే ఆ నిశ్శబ్దాన్ని కాసేపు అనుభవించేవారు. ఆవిడ గబగబా మెట్లు దిగి ఆ మాస్టారి వెనక పరుగెత్తారు. గేటు దగ్గర ఎండలో ఆయన్ని ఆపి చేతులు పట్టుకుని బతిమాలడం కిటికీలోంచి చూశాం. ఆయన వెనక్కి రాలేదు. ఆవిడ వచ్చారు గానీ, ఆ రోజంతా పాఠం మధ్యలో గేటు వైపు చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాతి శిక్షణల్లో కూడా ఒడియా పాఠం చెప్పారు గానీ పేరు పక్కన సున్నా మాత్రం మళ్ళీ ఎవరికీ చుట్టలేదు.

ఆవిడ తెలుగు గురించి చెప్పాలి. అచ్చు వేసినట్టుండేది. ఒత్తు జారేది కాదు, శ ష స మూడూ మూడుగా వినపడేవి. ఆ మాట తీరుని బట్టి ఏ ఊరివారో ఎవరికీ అంతుపట్టేది కాదు. అడిగితే, ఇటు దివిసీమ వైపు అని తేల్చేసి మాట మార్చేవారు.

నేను పనిచేసేది పామర్రుకి దగ్గర్లో ఓ ఊరి ప్రాథమిక పాఠశాల. కాలవ కట్ట మీద ఇటుక బట్టీ ఉంది. కోతలయ్యాక ఒడిశా నుంచి కుటుంబాలొస్తాయి, వానలకి ముందే వెళ్ళిపోతాయి. ఆ ఏడు వచ్చినవాళ్ళలో జమున అనే పిల్ల మా బళ్ళో చేరింది. ఎనిమిదేళ్ళుంటాయి. చేరిన రోజు నుంచీ నోరు విప్పలేదు. పలక ఇస్తే పట్టుకునేది, అన్నం పెడితే తినేది, పేరు పిలిస్తే తల వంచుకునేది. తోటి పిల్లలు కొన్నాళ్ళు కదిలించి చూసి వదిలేశారు.

మా హెడ్మాస్టారు చెడ్డవారు కాదు. ఆ పిల్లకి బుద్ధిమాంద్యమో చెవుడో ఉందని నమ్మారు. మండలంలో డాక్టర్ల శిబిరం పెడుతున్నారు, అక్కడ చూపించి సర్టిఫికెట్ తీసుకుంటే ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రంలో చేర్చవచ్చన్నారు. ఆ పిల్ల తల్లి చేత వేలిముద్ర కూడా వేయించేశారు. నాకు మనసొప్పలేదు. ఆడుకునే వేళ ఆ పిల్ల కళ్ళు పిల్లలందరి వెంటా తిరగడం నేను చూస్తున్నాను. ఆవిడకి ఫోన్ చేశాను. పేరు అక్కడ ఒకసారి ఎక్కిందంటే ఏ ఊరి బడికి వెళ్ళినా పిల్ల కంటే ముందు ఆ ముద్రే వెళ్తుంది, రేపే వస్తున్నానన్నారు.

వచ్చారు. చెప్పులు విప్పి, పిల్ల ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, ఒడియాలో ఎంతో మెత్తగా ఏదో అడిగారు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. హెడ్మాస్టారు కూడా వచ్చి నిలబడ్డారు. జమున మొహంలో రంగు పోయింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుని గోడకి ఆనుకుపోయింది. ఆవిడ మళ్ళీ అడిగారు. పిల్ల ఏడుపు మింగుతూ కళ్ళు మూసుకుంది.

హెడ్మాస్టారు నెమ్మదిగా అన్నారు: "చూశారుగా మేడమ్. వాళ్ళ భాషలో అడిగినా పలకలేదు. కక్షకొద్దీ చేస్తున్నానని మా టీచర్ గారు అనుకుంటున్నారు. ఆ కేంద్రానికి వెళ్తే పిల్లకే మేలండీ."

నేనే పిలిపించాను, నా చేతులతోనే పిల్ల కేసు పాడుచేశానా అనిపించింది. ఆవిడ ఆవరణలోకి వెళ్ళి పంపు దగ్గరికీ, గేటు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నారు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయారు. తర్వాత ఒక్కసారిగా నా దగ్గరికొచ్చి, బట్టీ ఎటు అని అడిగారు.

కాలవ కట్ట వెంబడి నడిచి వెళ్ళాం. జమున వాళ్ళమ్మ మట్టిముద్ద అచ్చులో కొడుతోంది. ఆవిడ ఒడియాలో పలకరిస్తే ఆమె తడుముకుంటూ, వచ్చీ రాని ఒడియాలో జవాబిచ్చింది. ఆవిడ మొహం మారిపోవడం చూశాను. నా వైపు తిరిగి, వీళ్ళది ఒడియా కాదు, కువి అన్నారు. కొండల మీద ఉండేవాళ్ళ మాట. అక్కడ ఊళ్ళో పిల్లని ఒడియా బళ్ళో వేశారట. ఆ భాష రాక జవాబు చెప్పకపోతే అరచేతుల మీద కొట్టేవారట. కొన్నాళ్ళకి పిల్ల బడికి వెళ్ళడం, మాట్లాడటం రెండూ మానేసింది. ఇక్కడికొచ్చాక తల్లితో తప్ప ఎవరితోనూ పెదవి కదపదు.

"దెబ్బలు తిన్న భాషలో పలకరించానమ్మాయ్ దాన్ని" అన్నారావిడ. అప్పుడు మాత్రం కదలకుండా నిలబడిపోయారు, అలా ఎంతసేపో.

తర్వాత ఆ గుడిసె వైపు వేలు చూపించి, మీ మాటలో దీన్నేమంటారని అడిగారు. ఆమె "ఇల్లు" అంది. తెలుగులో కాదు, మీ మాటలో అని ఆవిడ మళ్ళీ అడిగారు. ఆమె మళ్ళీ "ఇల్లు" అంది. మాదే, మా కువిలోనే అని గుండెల మీద చెయ్యి వేసుకుని చూపించింది. కన్ను చూపిస్తే, అదీ మన కన్నుకి చుట్టమే. ఆవిడ మట్టిలో కాళ్ళు దిగబడుతున్నా పట్టించుకోకుండా చెట్టూ నీళ్ళూ చెయ్యీ అంటూ ఒక్కొక్కటే చూపిస్తూ అడిగారు. కొన్ని మనకి దగ్గరగా ఉన్నాయి, చాలా మాటలు లేవు. అయినా ఇంతకాలం ఎక్కణ్ణుంచో వచ్చిందనుకున్న ఆ పిల్ల ఇంటికి మనలాగే ఇల్లు అనే పేరుందని తెలిశాక, నేనూ ఆ గుడిసెని చూస్తూ ఇల్లు అని పైకే అన్నాను.

ఆ పూటకి మా ఇంట్లోనే ఉండిపోయారు. తెల్లారి బట్టీ మేస్త్రీని బతిమాలి జమున వాళ్ళమ్మని బడికి తీసుకొచ్చాం. ఆవిడ తల్లీబిడ్డల్ని వరండా చివర వదిలేసి, మమ్మల్నందర్నీ లోపలికి తోలి తలుపు ఓరగా వేశారు. హెడ్మాస్టార్ని తలుపు పక్కన నిలబెట్టారు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఒక సన్నటి గొంతు మొదలైంది. మొదలై ఇక ఆగలేదు. గొణుగుడు, ఫిర్యాదు, మధ్యలో ఓ నవ్వు, మళ్ళీ ఫిర్యాదు. మాకు మాట తెలియకపోయినా ఎవరి మీద చాడీలు చెబుతోందో తెలుస్తూనే ఉంది. తలుపు సందులోంచి తొంగిచూస్తున్న నీలం చొక్కా పిల్లాడి వైపు వేలు చూపిస్తోంది మరి. హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ పిల్లకి మాటలు రావన్నానా నేను!" అన్నారు. శిబిరానికి పంపే పేర్లలోంచి జమున పేరు ఆయనే కొట్టేశారు.

ఆ తర్వాత నెలలు బాగా గడిచాయి. ఆవిడ మన్యం వైపు టీచర్లకి ఫోన్లు చేసి కువి మాటలు పోగుచేసి నాకు చెప్పేవారు. నేను బోర్డు మీద బొమ్మ వేస్తే పిల్లలు తెలుగులో చెప్పేవారు, జమున తన మాట చెప్పేది. ముందు గుసగుసగా, తర్వాత పెద్దగా. నీలం చొక్కా పిల్లాడు నీళ్ళ కోసం బయటికెళ్ళాలంటే కువిలో అడిగి నవ్వించేవాడు. వానలు పడే ముందు బట్టీ ఖాళీ అయింది. ఓ సోమవారం జమున రాలేదు.

నేను బాధపడి ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆ పిల్ల కబురే అడిగేవారు. ఆ ఏడే శిక్షణలు తగ్గించేశారు. ఇక టీచర్లు ఫోన్లోనే వీడియోలు చూసి చివర్లో ప్రశ్నలకి టిక్కులు పెడితే చాలన్నారు. ఆవిడకి పిలుపులు రావడం మానేశాయి. అయినా బస్సెక్కి బళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. పిలవకుండా వెళ్తే కొన్నిచోట్ల గేటు దగ్గరే ఆపేశారని తర్వాత విన్నాను. నాతో అనలేదు.

మరుసటి ఏడు చలికాలంలో పొద్దున్నే ఫోన్. జమున చల్లపల్లి దగ్గర ఓ బళ్ళో ఉందట, ఆ ఏడు వాళ్ళు వానల్లో ఊరెళ్ళకుండా అక్కడే పని దొరికి ఉండిపోయారట. అక్కడి టీచరు ఆవిడ దగ్గర శిక్షణ తీసుకున్న అమ్మాయే. ఆ శనివారం ఇద్దరం వెళ్ళాం.

జమున పొడుగైంది. రెండు జడలు. నన్ను చూసి, "బాగున్నారా టీచర్?" అంది. మా ఊరి పిల్లలు ఎలా అంటారో అచ్చం అలాగే. ఆ టీచరమ్మాయి మురిసిపోతూ పిల్ల చేత పాఠం చదివించింది. గడగడా చదివింది. ఒక్క తప్పు లేదు. మా మేడమ్ చెప్పినట్టే ఓపిగ్గా చేశానండీ అంది ఆ అమ్మాయి. నేను చప్పట్లు కొట్టాను.

ఆవిడ వంగి, జమునని కువిలో పలకరించారు. ఇన్నాళ్ళూ నేర్చుకున్న మాటలు, ఎంతో జాగ్రత్తగా. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. జమున అటు చూసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "నాకా భాష రాదండి" అంది.

"అమ్మతో ఏం మాట్లాడతావమ్మా?"

"తెలుగేనండి."

వాళ్ళమ్మకి తెలుగు రాదని అక్కడున్నవాళ్ళలో మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ పిల్ల తల నిమిరి, టీచరమ్మాయికి బాగా చెబుతున్నావని చెప్పి బయటికొచ్చారు.

చల్లపల్లి బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడ్డాం. ఆవిడ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నారు. నాకు తోచింది చెప్పాను. పిల్ల చదువుకుంటోంది కదా మేడమ్, నోరు విప్పింది కదా, అంతకంటే ఏం కావాలన్నాను. ఆవిడ నా ఎదురుగా ఆగారు.

"మా ఊరి మాట నా నోట నువ్వెప్పుడైనా విన్నావా?" అన్నారు.

లేదన్నాను. అప్పుడు చెప్పారు. వాళ్ళది నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు, చేపల వేట మీద బతికే ఇల్లు. హైస్కూలు హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే ఆవిడ "సేపలు" అన్నందుకు గది గదంతా నవ్విందట. ఆ పేరే పెట్టి పిలిచారట. ఒక్క ఏడాదిలో ఆ యాసంతా తుడిచేసుకున్నారు. వాళ్ళమ్మ చూడటానికొస్తే అమ్మతో కూడా పుస్తకంలో మాటలే మాట్లాడారు. ఆవిడ అలా మాట్లాడుతుంటే వాళ్ళమ్మ "అండి" అనడం మొదలుపెట్టిందట, కన్నకూతుర్ని.

"ఊరూరా తిరిగి ఇంటి భాషకి విలువివ్వమని చెప్పాను. ఇవాళ ఆ పిల్ల నా కళ్ళెదుట నేను చేసిందే చేసింది. దానికి నేనేం చెప్పను? నా మాట నేనే ఎక్కడా మాట్లాడలేదు" అన్నారు.  

విజయవాడ బస్సొచ్చింది. ఆవిడ ఎక్కలేదు. సంచీలోంచి ఫోన్ తీసి ఎవరికో కలిపారు. అవతల ఎత్తగానే, అంతమంది జనంలో, ఇప్పటిదాకా నేనెన్నడూ వినని గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కతో. "అక్కా, నేనే. ఏం సేత్తన్నావ్? బావ ఏటకెల్లాడా?" అంటూ. కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఆ అమ్మాయినే చూస్తూ ఇంకాస్త గట్టిగా మాట్లాడారు. శ ష స అన్నీ ఒక్కటైపోయాయి. ఆ మొహం నాకు తెలిసిన మొహం కాదు, పదేళ్ళ పిల్ల మొహంలా ఉంది.

అవతలి ప్లాట్‌ఫారం మీదికి అవనిగడ్డ బస్సొచ్చింది. భవానీపురం ఇంటికి పూర్తిగా ఎదురు దిక్కు, నాగాయలంక వైపు. నాకు చెయ్యి ఊపి, ఫోన్ చెవికి ఆనించుకునే, జనాన్ని తోసుకుంటూ అటు పరుగెత్తారు. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుకున్నాం గానీ, నేను ఆవిణ్ణి చూడటం అదే ఆఖరు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, బస్సు కదులుతున్నా లోపలికి పోకుండా, అంత దూరం నుంచీ నాకు వినపడేట్టు అంటున్నారు:

"ఇప్పుడే వత్తన్నానక్కా. నాక్కూడా అన్నం అట్టిపెట్టు."